ఒకే వైరస్, ఒకే ఇంజెక్షన్, ఇద్దరూ అన్నదమ్ములే. బాబాయికి తగ్గింది, నాన్నకి ఎందుకు తగ్గలేదు? (హెపటైటిస్ సి)

రేపల్లె అమ్మాయి:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, దయచేసి ఓపికగా చదవండి.

మా నాన్నకి 64 ఏళ్లు, వ్యవసాయం. నాన్నకీ మా బాబాయికీ హెపటైటిస్ సి ఉందని 2011లో తెలిసింది. బాబాయి ఎవరికో రక్తం ఇద్దామని వెళితే అక్కడి టెస్టులో బయటపడింది. తర్వాత ఇంట్లో అందరికీ చేయిస్తే నాన్నకి కూడా పాజిటివ్ వచ్చింది, మిగతావాళ్లకి లేదు. వాళ్ల చిన్నప్పుడు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒకే గాజు సిరంజి ఉండేదట. దాన్నే వేణ్నీళ్లలో ముంచి వరసగా అందరికీ పొడిచేవాడట. అక్కడే అంటుకుని ఉంటుందని డాక్టరుగారు అన్నారు.

ఇద్దరికీ ఒకే డాక్టరు, ఒకే వైద్యం. వారానికోసారి పెగ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రోజూ రిబావిరిన్ మాత్రలు, 48 వారాల కోర్సు. రిపోర్టుల్లో ఇద్దరికీ జీనోటైప్ 1 అనే ఉంది. ఒక్కో ఇంజెక్షన్ వేలల్లో ఉండేది, దానికోసం అరెకరం అమ్మారు. ఇంజెక్షన్ పడిన రాత్రి ఇద్దరికీ చలిజ్వరం, ఒళ్లు నొప్పులు. శనివారం సాయంత్రం అయిందంటే అమ్మా, పిన్నీ దుప్పట్లూ పారాసెటమాలూ సిద్ధం చేసుకుని కూర్చునేవాళ్లు.

బాబాయికి నెల తిరిగేసరికి రక్తంలో వైరస్ కనపడలేదు. కోర్సు పూర్తి చేశాడు, ఇప్పటికీ నెగటివే. నాన్నకి పన్నెండో వారం చూస్తే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క) దాదాపు మొదట ఉన్నంతే ఉంది. ఇక పొడిగించినా లాభం లేదని ఆపేశారు.

అక్కడితో అయిపోయి ఉంటే ఇంత బాధ లేదు. మా చుట్టాలు ఒక్కొక్కరూ ఒక్కో మాట. పథ్యం చేయలేదన్నారు, చాటుగా తాగుంటాడన్నారు. అన్నిటికంటే పెద్ద మాట మా మేనత్త అంది. ఆ మాత్రలతో బాబాయికి హిమోగ్లోబిన్ 14 నుంచి 9కి పడిపోయింది, రక్తం కూడా ఎక్కించారు. నాన్నది 13 దగ్గరే ఉండిపోయింది. "మాత్రలు వేసుకునుంటే తమ్ముడికి పడినట్టే వీడికీ రక్తం పడాలిగా? కాలవలో పారేసుంటాడు" అంది. మా ఇంట్లో ఆ మాటే నిలబడిపోయింది. నేనప్పుడు ఇంటర్. మాత్రలు లెక్కపెట్టి నాన్న చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడింది నేను. ఆయన మందు ముట్టిన మనిషి కాదు. అయినా ఎవరికీ ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్‌లో 15 వచ్చింది, సిర్రోసిస్ అన్నారు, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిందట. కామెర్లు లేవు, పొట్టలో నీరు లేదు. ప్రభుత్వాసుపత్రిలో సోఫోస్‌బువిర్-వెల్పటాస్విర్ మాత్ర 12 వారాలు ఉచితంగా ఇస్తామంటున్నారు. నాన్న మాత్రం ససేమిరా అంటున్నాడు. "నా ఒంటికి మందు పట్టదమ్మా, అది అప్పుడే తేలిపోయింది" అంటాడు.

ఇంతలో ఒక ప్రైవేటు ల్యాబ్ మనిషి ఐఎల్28బి అనే జన్యు పరీక్ష చేయించమన్నాడు. 9 వేలవుతుందట, మందు పనిచేస్తుందో లేదో ముందే తెలుస్తుందట. చేయించాలా? అప్పుడు పనిచేయకపోవడానికి కారణం నిజంగా జన్యువులేనా? అదే నిజమైతే ఈ మాత్రలు కూడా పనిచేయవనేగా అర్థం? నాన్నని కూర్చోబెట్టి చదివి వినిపించేలా ఎవరైనా వివరంగా చెప్పండి, ప్లీజ్.

కృష్ణలంక రాము:

చెల్లెమ్మా, సైన్సు సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, నేను చూసింది చెప్తాను. మా బావగారికి ఇంటర్‌ఫెరాన్ రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ ఫెయిల్. మనిషి సగమైపోయాడు. 2016లో సోఫోస్‌బువిర్, డాక్లటాస్విర్ మాత్రలు 12 వారాలు వాడాడు. జ్వరం లేదు, చలి లేదు, రోజూ షాపు తెరిచాడు. వైరస్ పోయింది, మళ్లీ రాలేదు. ఆయన కూడా మీ నాన్నగారిలాగే "నాకు పట్టదు" అని ఆర్నెల్లు మొండికేశాడు. కావాలంటే నాన్నగారితో ఫోన్లో మాట్లాడిస్తాను, మెసేజ్ పెట్టు.

పీసీఆర్ బెంచ్:

అమ్మా, ముందు మీ మేనత్తగారి మాట సంగతి తేలుద్దాం. అది తప్పని 2010లోనే తేలిపోయింది.

నేను ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ మాలిక్యులర్ సెక్షన్‌లో పనిచేశాను. హెపటైటిస్ సి వైరల్ లోడ్లు, వైరస్ జీనోటైపులు, మీరు అడిగిన ఐఎల్28బి, అన్నీ మా బెంచ్ మీదే జరిగేవి.

రిబావిరిన్ ఎర్ర రక్తకణాల్లోకి వెళ్లి అక్కడే పేరుకుపోతుంది. పేరుకున్నకొద్దీ కణానికి శక్తినిచ్చే ఏటీపీ తగ్గిపోయి, కణం దాని ఆయుష్షు తీరకముందే చితికిపోతుంది. బాబాయిగారికి హిమోగ్లోబిన్ పడింది అందుకే. అయితే అందరికీ ఒకేలా పడదు. 20వ క్రోమోజోమ్ మీద ఐటీపీఏ అనే జన్యువు ఉంది. అందులో ఒక రకం మార్పుతో పుట్టినవాళ్లలో ఆ జన్యువు తయారుచేసే ఎంజైము మందకొడిగా పనిచేస్తుంది. మామూలు జీవితంలో దానివల్ల వాళ్లకు ఏ ఇబ్బందీ తెలియదు. రిబావిరిన్ వాడేటప్పుడు మాత్రం అదే కాపాడుతుంది: మాత్ర ఒక్కటి వదలకుండా మింగినా రక్తం పెద్దగా పడదు. 2010లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇది. ఈ మార్పు యూరప్ వాళ్లలో కంటే ఆసియా వాళ్లలో ఎక్కువగా కనపడుతుంది కూడా. మీ నాన్నగారు ఆ కోవలోకి వస్తారా లేదా అన్నది టెస్టు చేయకుండా ఎవరూ చెప్పలేరు. కానీ రక్తం పడలేదు కాబట్టి మాత్రలు పారేశాడు అనడం అన్యాయం. మీరు కళ్లారా చూసి మింగించారు, ఆ సాక్ష్యం చాలు.

ఇక ఇంజెక్షన్ సంగతి. ఇంటర్‌ఫెరాన్ అంటే వైరస్ సోకినప్పుడు మన ఒళ్లే తయారుచేసుకునే ప్రోటీన్, ఇంజెక్షన్‌లో బయటినుంచి ఇచ్చేదీ ఆ రకమే. 2009లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ బృందం, మీ నాన్నగారిలాగే జీనోటైప్ 1 వైరస్ ఉండి ఇదే కోర్సు తీసుకున్న వెయ్యిమందికి పైగా రోగుల డీఎన్ఏని జల్లెడ పట్టింది. (రిపోర్టులో ఉన్న జీనోటైప్ 1 అనేది వైరస్‌ది, మనిషిది కాదు. అది ఇద్దరికీ ఒకటే అయినంత మాత్రాన అన్నదమ్ముల జన్యువులు ఒకటే అని కాదు.) 19వ క్రోమోజోమ్ మీద, ఐఎల్28బి జన్యువు పక్కన, ఒకే ఒక్క అక్షరం దగ్గర తేడా దొరికింది. అక్కడ మనకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. రెండూ సీ అయితే సీసీ, రెండూ టీ అయితే టీటీ, చెరొకటీ అయితే సీటీ. సీసీ ఉన్నవాళ్లకు వైరస్ పోయే అవకాశం టీటీ వాళ్లకంటే దాదాపు రెట్టింపు. అదే ఏడాది జపాన్ బృందానికీ, ఆస్ట్రేలియా బృందానికీ విడివిడిగా అదే చోటు కనపడింది. అమెరికాలో నల్లజాతి రోగులకు ఈ వైద్యం తక్కువగా పనిచేయడం డాక్టర్లు ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు. ఆ తేడాలో సుమారు సగానికి ఈ ఒక్క అక్షరమే కారణమని అప్పుడు తెలిసింది.

అన్నదమ్ములకి వేరువేరుగా ఎలా వస్తుందంటారా? మీ తాతగారూ, నానమ్మగారూ ఇద్దరూ సీటీ అనుకోండి. ఒక కొడుక్కి రెండు సీలు, ఇంకో కొడుక్కి రెండు టీలు రావడం మామూలే.

అది ఎలా అడ్డుపడుతుందో చెప్తాను, నాన్నగారికి ఇదే ముఖ్యం. 2013లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆ చోటు పక్కనే ఇంకో చిన్న మార్పును పట్టుకున్నారు. అది చాలావరకు టీతో కలిసే వస్తుంది. అది ఉన్నవాళ్ల లివర్‌లో ఇంటర్‌ఫెరాన్ లాంబ్డా 4 అనే ప్రోటీన్ తయారవుతుంది. వైరస్‌తో పోరాడే రకం ప్రోటీనే, కానీ అది తయారయ్యేవాళ్లకే హెపటైటిస్ సి పోవడం కష్టం. వాళ్ల లివర్‌లో ఇంటర్‌ఫెరాన్‌కి స్పందించాల్సిన జన్యువులు ఇంజెక్షన్ పడకముందే పూర్తి స్థాయిలో పనిచేస్తుంటాయి, అయినా వైరస్ వాటికి లొంగకుండా బతికే ఉంటుంది. ఎసరు అప్పటికే తెర్లుతుంటే పొయ్యిలో ఇంకో కట్టె పెట్టి ఏం లాభం? బయటినుంచి పొడిచిన ఇంటర్‌ఫెరాన్ కూడా అలాంటి కట్టే. పథ్యానికీ, నియమానికీ దీంతో సంబంధం లేదు. పన్నెండో వారానికి కూడా లోడ్ కదలకపోవడం అనేది సీటీ, టీటీ వాళ్లలో ఎక్కువగా చూసేవాళ్లం.

ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పాలి. సీసీ అయినా తగ్గనివాళ్లున్నారు, టీటీ అయినా తగ్గినవాళ్లున్నారు. ఇది అవకాశాల లెక్క. అందుకని మీ నాన్నగారిది టీటీయే అని నేను రాసివ్వలేను.

ఇప్పుడు 9 వేల టెస్టు. వద్దు. అప్పట్లో దానికి విలువ ఉండేది. ఊదా రంగు మూత ట్యూబులో కాస్త రక్తం వచ్చేది. డీఎన్ఏ తీసి, సీకి ఒక రంగు, టీకి ఇంకో రంగు ప్రోబు కలిపి పీసీఆర్ మెషీన్‌లో పెట్టేవాళ్లం. స్క్రీన్ మీద ఒక గీతే లేస్తే సీసీయో టీటీయో, రెండు గీతలూ కలిసి లేస్తే సీటీ. టీటీ వచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. ఆ ట్యూబు వెనకాల ఒక కుటుంబం పొలం అమ్మాలా, బంగారం తాకట్టు పెట్టాలా, కొత్త మందు వచ్చేదాకా ఆగాలా అని ఎదురుచూస్తూ ఉండేది. ఆ నిర్ణయానికి ఆ రిపోర్టు అక్కరకొచ్చేది. ఇప్పుడు ఆ నిర్ణయమే లేదు.

ఎందుకంటే ఈ మాత్రలు మీ నాన్నగారి ఇంటర్‌ఫెరాన్ మీద ఆధారపడవు. సోఫోస్‌బువిర్ వైరస్ తన కాపీలు రాసుకునే ఎంజైముకే అడ్డంపడుతుంది. వెల్పటాస్విర్ ఎన్ఎస్5ఏ అనే వైరస్ ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, అది లేకుండా వైరస్ పెరగలేదు. రెండూ వైరస్ మీద నేరుగా పడే దెబ్బలు. 2015లో వచ్చిన ఆస్ట్రల్-1 ట్రయల్‌లో 624 మంది ఈ మాత్రనే 12 వారాలు వాడారు. అందులో మూడోవంతు మంది అంతకుముందు వేరే వైద్యం ఫెయిలైనవాళ్లు, దాదాపు అయిదోవంతు మందికి సిర్రోసిస్ ఉంది. 99 శాతం మందికి వైరస్ పోయింది. జీనోటైప్ 3 వైరస్‌కి, అందులోనూ సిర్రోసిస్ ఉంటే, ఈ శాతం కొంచెం తగ్గుతుంది. మీ నాన్నగారిది 1 కాబట్టి ఆ చింత కూడా లేదు.

ధర సంగతి కూడా నాన్నగారికి చెప్పండి. సోఫోస్‌బువిర్ 2013 డిసెంబరులో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు. 2015లో మన హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటెరో జనరిక్ తీసుకొస్తే 28 మాత్రల సీసా సుమారు 20 వేల రూపాయలైంది. 2018 జులై నుంచి జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. అప్పుడు అరెకరం పోయింది. ఈసారి అలాంటి భయం లేదని ఆయనకు గట్టిగా చెప్పండి.

ఏఆర్‌టీ కౌన్సిలర్:

పైన చెప్పినదంతా నిజం. ఒకటి మాత్రం కలపాలి, లేకపోతే జన్యు పరీక్షలన్నీ డబ్బు దండగ అని చదివినవాళ్లు అనుకునే ప్రమాదం ఉంది.

నేను ప్రకాశం జిల్లాలో హెచ్ఐవీ మందులిచ్చే సెంటర్‌లో కౌన్సిలర్‌గా చేశాను. చాలా ఏళ్లు మా దగ్గర ఎక్కువమందికి టీఎల్ఈ మాత్ర ఇచ్చేవాళ్లు. అందులో ఎఫావిరెంజ్ 600 మిల్లీగ్రాములు ఉంటుంది. తల తిరుగుతుంది కాబట్టి రాత్రి పడుకునేముందు వేసుకోమనేవాళ్లం. చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకునేది. కొందరికి సర్దుకునేది కాదు. వేటకెళ్లే ఒకతను, తెల్లారి బోటు ఎక్కాలంటే కాళ్లు తేలిపోతున్నాయని, కలలో తననెవరో సముద్రంలోకి తోస్తున్నారని చెప్పేవాడు. రాత్రి తాగిన మత్తు దిగలేదని ఇంట్లోవాళ్ల అనుమానం. మా స్టాఫ్‌లో కూడా కొందరు "మానేయడానికి వంక" అనేవాళ్లు. ఈ అమ్మాయి రాసింది చదువుతుంటే అతనే గుర్తొచ్చాడు.

లివర్‌లో సీవైపీ2బి6 అనే ఎంజైము ఎఫావిరెంజ్‌ని అరగదీస్తుంది. ఆ జన్యువులో 516వ స్థానంలో జీకి బదులు టీ రెండు వైపుల నుంచీ వచ్చినవాళ్లలో మందు నెమ్మదిగా అరుగుతుంది, రక్తంలో మిగతావాళ్లకంటే కొన్ని రెట్లు ఎక్కువగా నిలబడుతుంది. చెన్నైలోని క్షయ పరిశోధన కేంద్రం వాళ్లు 2009లో దక్షిణ భారత రోగుల మీద ఇదే చూపించారు. టీబీకి రిఫాంపిసిన్ కలిపి ఇస్తే ఎఫావిరెంజ్ స్థాయి తగ్గిపోతుందేమోనని అందరికీ భయం ఉండేది. తీరా చూస్తే మన రోగుల్లో ఆ స్థాయిని నిర్ణయించింది రిఫాంపిసిన్ కాదు, ఈ జన్యు తేడా. తర్వాత 2014లో 600 బదులు 400 మిల్లీగ్రాములు ఇచ్చినా వైరస్ అంతే బాగా అదుపులో ఉంటుందని తేలింది. ఇప్పుడు డోలుటెగ్రావిర్ ఉన్న టీఎల్‌డీ వచ్చాక ఈ బాధ చాలావరకు పోయింది.

ఇక టెస్టు తప్పనిసరిగా అడగాల్సిన మందు అబాకవిర్. హెచ్ఎల్ఏ-బి*57:01 అనే రకం జన్యువు ఉన్నవాళ్లకు ఈ మందు మొదలుపెట్టిన ఆరు వారాల్లోపు జ్వరం, దద్దుర్లు, వాంతులు, ఆయాసం రావచ్చు. మామూలు జ్వరమే అనుకుని ఆపి, తగ్గాక మళ్లీ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. 2008లో దాదాపు రెండు వేలమంది మీద చేసిన ట్రయల్‌లో, ముందే టెస్టు చేసి ఆ జన్యువు ఉన్నవాళ్లకి అబాకవిర్ ఇవ్వకుండా ఆపితే, చర్మ పరీక్షలో రుజువైన రియాక్షన్ ఒక్కటీ రాలేదు. మన దేశంలో ఈ జన్యువు అరుదేమీ కాదు. మీ ఇళ్లలో ఎవరికైనా అబాకవిర్ రాస్తే ఈ టెస్టు గురించి మొహమాటపడకుండా అడగండి.

రేపల్లె అమ్మాయి:

రాముగారూ, పీసీఆర్ బెంచ్ గారూ, కౌన్సిలర్ గారూ, మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. నిన్న రాత్రి భోజనాలయ్యాక మొత్తం నాన్నకి చదివి వినిపించాను. రిబావిరిన్ పేరా రెండుసార్లు చదివించుకున్నాడు. అది ప్రింటు తీయించి మేనత్తకి పంపమని అమ్మ పట్టుబట్టింది. పంపిస్తున్నాను కూడా.

నాన్న మాత్రలకి ఒప్పుకున్నాడు. రెండు ప్రశ్నలు అడగమన్నాడు. ఆ టీ ఉంటే మా అన్నయ్యకీ నాకూ కూడా వచ్చి ఉంటుందా, మాకేమైనా ప్రమాదమా? రెండోది, ఆయన రోజూ పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటాడు, షుగర్ మాత్రలు కూడా ఉన్నాయి. వాటితో కలిపి ఇవి వేసుకోవచ్చా?

పీసీఆర్ బెంచ్:

ఒప్పుకున్నారంటే చాలా సంతోషం అమ్మా.

పిల్లల సంగతి: ఆయనకి టీ ఉంటే మీకు ఒకటి వచ్చి ఉండొచ్చు. అదేమీ జబ్బు కాదు. 2011లోనే మీకు హెపటైటిస్ సి లేదని తేలింది కాబట్టి దాని గురించి దిగులు వద్దు. నాన్నగారి రేజరు, నెయిల్ కట్టర్ మాత్రం ఇంట్లో ఇంకెవరూ వాడకండి.

గ్యాస్ మాత్ర గురించి అడిగి మంచిపని చేశారు, ఇది చాలామంది డాక్టరుకి చెప్పరు. వెల్పటాస్విర్ ఒంటికి పట్టాలంటే పొట్టలో ఆమ్లం కావాలి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి ఆ ఆమ్లాన్ని తగ్గించేస్తాయి. ఈ 12 వారాలు గ్యాస్ మాత్ర మానొచ్చా, తప్పనిసరైతే ఏ వేళకి ఎంత మోతాదు వేసుకోవాలో మాత్రలు రాసే డాక్టర్నే అడగండి. షుగర్ మాత్రలు కలిపి వాడొచ్చు, కానీ వైరస్ తగ్గేకొద్దీ షుగర్ కూడా దిగుతుంది, కళ్లు తిరిగినట్టుంటే వెంటనే చూసుకోండి. గుండెకి అమియోడరోన్ అనే మందు వాడుతుంటే అది ముందే చెప్పాలి.

మొదలుపెట్టేముందు హెపటైటిస్ బి టెస్టు చేశారో లేదో ఫైల్లో చూడండి. అది దాగి ఉంటే సి తగ్గేటప్పుడు తలెత్తుతుంది. మాత్రలు అయిపోయాక ఇంకో 12 వారాలు ఆగి వైరల్ లోడ్ చేస్తారు, అప్పుడు కనపడకపోతే నయమైనట్టే. సిర్రోసిస్ ఉంది కాబట్టి ఆ తర్వాత కూడా ఆరునెలలకోసారి లివర్ అల్ట్రాసౌండ్ మానకూడదు, నెగటివ్ వచ్చింది కదా అని చాలామంది అక్కడే వదిలేస్తారు.